కారోథర్స్ పక్కన పెట్టిన దారం

ఫస్ట్ ఇయర్ ఇంజనీరింగ్ కెమిస్ట్రీలో పాలిమర్స్ యూనిట్ అందరం చదివినవాళ్ళమే. నైలాన్ 6,6 తయారీ పరీక్షలో వస్తుంది కాబట్టి హెక్సామిథిలీన్ డయమీన్, అడిపిక్ ఆమ్లం అని గడగడా అప్పజెప్పేస్తాం. దాన్ని తయారుచేసిన మనిషి ఎవరని అడిగితే మాత్రం చాలామందిమి తల గోక్కుంటాం. ఆయన పేరు వాలెస్ హ్యూమ్ కారోథర్స్. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. 41 ఏళ్ళే బతికారు.

నేను ఆయన దగ్గరికి నైలాన్ దారి పట్టుకుని వెళ్ళలేదు. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌తో బట్ట నేయడం సాధ్యమేనా అన్న ప్రశ్న మీద చదవడం మొదలుపెట్టాను. ఇవాళ బయోప్లాస్టిక్ బట్టల గురించి మాట్లాడేవాళ్ళంతా పీఎల్ఏ అనే పేరు ఎత్తుతారు. పీఎల్ఏ అంటే పాలీ లాక్టిక్ ఆసిడ్. దాని చరిత్ర వెతుక్కుంటూ వెనక్కి వెళితే 1932లో కారోథర్స్ బృందం రాసిన ఒక పరిశోధనా పత్రం దగ్గర తేలాను. నైలాన్ లాంటి చావులేని ప్లాస్టిక్‌ని లోకానికిచ్చిన మనిషే, అంతకు ముందు నీళ్ళకి విడిపోయే దారాల మీద కూడా పనిచేశారు. చేసి, పనికిరావని పక్కన పెట్టారు. అదేంటో తెలుసుకుందామని ఆయన జీవితం చదివాను. చదివింది మీతో పంచుకుంటున్నాను.

లెక్కలు రాసే చదువు నుంచి కెమిస్ట్రీకి

కారోథర్స్ 1896 ఏప్రిల్ 27న అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్ అనే ఊళ్ళో పుట్టారు. నలుగురు పిల్లల్లో పెద్దవాడు. అయోవా అంటే మొక్కజొన్న చేల దేశం. ఈ మొక్కజొన్నని గుర్తు పెట్టుకోండి, కథ చివర్లో మళ్ళీ వస్తుంది. తండ్రి డెమోయిన్ నగరంలో ఒక కమర్షియల్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. కొడుకు కూడా ముందు అక్కడే అకౌంటింగ్ చదివారు. నాన్న చెప్పిన కోర్సులో చేరడం అనేది మన దగ్గర మాత్రమే ఉన్న ఆచారం కాదన్నమాట.

1915లో మిస్సోరీ రాష్ట్రంలోని టార్కియో అనే చిన్న కాలేజీలో సైన్స్ చదవడానికి చేరారు. చదువుతూనే అక్కడ అకౌంటింగ్ పాఠాలు చెప్పి ఖర్చులు వెళ్ళదీసుకున్నారు. కెమిస్ట్రీ మాస్టారు ఆర్థర్ పార్డీ ఆయనకి ఆ సబ్జెక్టు మీద ఇష్టం పుట్టించారు. కొన్నాళ్ళకి పార్డీ వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోతే, కెమిస్ట్రీ చెప్పేవాళ్ళు లేక ఇంకా డిగ్రీ కూడా పూర్తికాని కారోథర్స్‌కే ఆ క్లాసులు అప్పగించారు. మన సీనియర్ మనకి మిడ్స్ ముందు పాఠం చెప్పడం వేరు, కాలేజీయే పిలిచి పుస్తకం చేతిలో పెట్టడం వేరు.

1920లో డిగ్రీ, 1921లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో మాస్టర్స్, మధ్యలో సౌత్ డకోటాలో ఒక ఏడాది పాఠాలు, 1924లో మళ్ళీ ఇల్లినాయ్‌లోనే రోజర్ ఆడమ్స్ దగ్గర పీహెచ్‌డీ. తర్వాత రెండేళ్ళు అక్కడే బోధన, 1926లో హార్వర్డ్. వినడానికి నున్నటి రోడ్డు మీద ప్రయాణంలా ఉంటుంది కానీ లోపల అలా లేదు. ఆయనకి క్లాసులో నిలబడి పాఠం చెప్పడం కష్టంగా ఉండేది. మనిషి మొహమాటస్తుడు. సంగీతం అన్నా పుస్తకాలు అన్నా ప్రాణం. పైగా చిన్న వయసు నుంచే ఆయన్ని విడవకుండా వెంటాడినది ఒకటుంది, డిప్రెషన్. రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మనసు చీకట్లో పడిపోయేది.

కంపెనీలో శుద్ధ విజ్ఞానం

1927లో డ్యూపాంట్ కంపెనీలో చార్లెస్ స్టైన్ అనే అధికారి ఒక వింత ప్రతిపాదన చేశారు. వెంటనే డబ్బులు రాకపోయినా పర్లేదు, మౌలిక పరిశోధన కోసం ఒక ల్యాబ్ పెడదాం అన్నారు. డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో ఆ ల్యాబ్ వెలిసింది. మిగతా ఉద్యోగులు దానికి ప్యూరిటీ హాల్ అని ఎగతాళి పేరు పెట్టారు.

ఆర్గానిక్ కెమిస్ట్రీ విభాగం నడపడానికి కారోథర్స్‌ని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. తనకి అప్పుడప్పుడూ మానసికంగా కుంగిపోయే దశలు వస్తాయనీ, యూనివర్సిటీలో కంటే కంపెనీలో అది పెద్ద అడ్డంకి అవుతుందేమోననీ దాచుకోకుండా రాసి చెప్పారు. ఉద్యోగం ఇస్తామంటున్నవాళ్ళకి ఆ మాట అంత నిజాయితీగా చెప్పడం ఇవాళ కూడా ఎంతమంది చేయగలరు? అయినా కంపెనీ వదల్లేదు. 1928లో ఆయన చేరారు. అప్పటికి ఆయన వయసు 31.

ఆయన ఎంచుకున్న సమస్య మనకిప్పుడు పిల్లల పాఠంలా కనిపిస్తుంది. రబ్బరు, పట్టు, సెల్యులోజ్ లాంటివి ఏంటి? చిన్న చిన్న అణువులు ఏదో తెలియని శక్తితో గుంపుగా అతుక్కుని ఉన్నాయని ఆ రోజుల్లో చాలామంది కెమిస్టుల నమ్మకం. కాదు, అవి మామూలు రసాయన బంధాలతోనే ఏర్పడ్డ చాలా పొడవైన గొలుసులు అని జర్మనీలో హెర్మన్ స్టాడింగర్ 1920 నుంచి వాదిస్తున్నారు. గొడవ తేలడం లేదు.

కారోథర్స్ వాదనలోకి దిగలేదు. గొలుసుని చేత్తో కట్టి చూపిద్దాం అనుకున్నారు. ఆసిడ్, ఆల్కహాల్ కలిస్తే ఎస్టర్ వస్తుంది, నీళ్ళు బయటికి పోతాయి. ఇంటర్‌లో మనం చదివిన రియాక్షనే. రెండు వైపులా ఆసిడ్ గ్రూపు ఉన్న అణువునీ, రెండు వైపులా ఆల్కహాల్ గ్రూపు ఉన్న అణువునీ తీసుకుంటే? ఒక చెయ్యి పట్టుకున్నాక కూడా ఇంకో చెయ్యి ఖాళీగానే ఉంటుంది. అలా ఒకదాన్నొకటి పట్టుకుంటూ పోతే గొలుసు. ప్రతి లింకు ఎలా పడిందో తెలుసు కాబట్టి దాని నిర్మాణం గురించి ఎవరూ అనుమానపడలేరు. ఇలా వచ్చినవే పాలిస్టర్లు.

నీళ్ళతో పేచీ

ఇక్కడే అసలు చిక్కు. గొలుసు పొడవు ఎంత ఉంటుంది అనేదానికి కారోథర్స్ పేరుతోనే ఒక సమీకరణం ఉంది. రియాక్షన్ ఎంత భాగం పూర్తయిందో దాన్ని పి అనుకుంటే, సగటు గొలుసు పొడవు 1/(1 − పి). మనకి ల్యాబ్‌లో 95 శాతం యీల్డ్ వస్తే పండగ చేసుకుంటాం. కానీ ఈ సమీకరణంలో 0.95 వేసి చూడండి, గొలుసులో సగటున 20 ముక్కలే ఉంటాయి. 0.99 అయితే 100. 0.995 అయితే 200. అంటే దారం తీయగలిగినంత పొడవు రావాలంటే 99 శాతం కూడా సరిపోకపోవచ్చు. చివరి ఆ అర శాతం కోసమే మొత్తం కష్టం.

ఆ అర శాతం ఎందుకు రాదు? నీళ్ళ వల్ల. ఎస్టర్ ఏర్పడే రియాక్షన్ రెండు వైపులా నడుస్తుంది. బయటికొచ్చిన నీరు అక్కడే ఉంటే మళ్ళీ వెళ్ళి బంధాన్ని తెంచుతుంది. లె షాటెలియే సూత్రం ప్రకారం నీటిని ఎప్పటికప్పుడు తీసేస్తేనే రియాక్షన్ ముందుకి సాగుతుంది. అందుకని కారోథర్స్ బృందం మాలిక్యులర్ స్టిల్ అనే పరికరాన్ని వాడింది. గట్టి వాక్యూమ్‌లో వేడి చేస్తూ, ద్రవానికి బాగా దగ్గరగా ఒక చల్లటి తలం పెడతారు. పైకి లేచిన నీటి అణువు ఆ చల్లటి తలానికి అంటుకుపోతుంది, వెనక్కి రాలేదు.

ఇది 1930లో ఫలించింది. ఆ ఏడాది ఏప్రిల్ నెల ఆ ల్యాబ్‌కి నిజంగా కలిసొచ్చిన నెల. ముందు ఆర్నాల్డ్ కాలిన్స్ చేతిలో క్లోరోప్రీన్ నుంచి కృత్రిమ రబ్బరు తయారైంది. అదే తర్వాత నియోప్రీన్ అయింది. అదే నెల చివర్లో జూలియన్ హిల్ అనే సహచరుడు స్టిల్‌లోంచి తీసిన పాలిస్టర్ ముద్దలో గాజు కడ్డీ ముంచి పైకి లాగారు. పాకంలో గరిట ముంచి తీసినట్టు తీగ సాగింది. అణుభారం 12,000 దాటిన పదార్థం అది. అంతకంటే విచిత్రం, చల్లారిన తీగని పట్టుకుని లాగితే తెగలేదు. ఇంకా సాగి, సన్నబడి, పట్టులా మెరుస్తూ ముందుకంటే గట్టిపడింది. చిందరవందరగా ఉన్న గొలుసులన్నీ లాగిన దిశలో వరసగా సర్దుకున్నాయి కాబట్టి ఆ బలం. దీన్ని కోల్డ్ డ్రాయింగ్ అంటారు. ఇవాళ్టికీ కరిగించి తీసే సింథటిక్ నూలుకి బలం వచ్చేది ఇలా సాగదీయడం వల్లే.

అంటే రేయాన్ లాగా కలప గుజ్జు మీద ఆధారపడకుండా, పూర్తిగా మనిషి కట్టిన అణువుతో పట్టులాంటి దారం తీయొచ్చని ఆ రోజు తేలింది. ఆ దారం పాలిస్టర్. కానీ మన చొక్కాల్లో ఉన్న పాలిస్టర్ కాదు.

పక్కన పెట్టారు

ఆ దారానికి రెండు జబ్బులున్నాయి. ఒకటి, 100 డిగ్రీల లోపే కరిగిపోతుంది. ఇస్త్రీ పెట్టె తగిలితే అంతే సంగతులు. రెండు, నీళ్ళకీ బట్టలుతికే ద్రావకాలకీ ఆగదు. ఏ నీటిని కష్టపడి బయటికి పంపారో, అదే నీరు ఉతికినప్పుడు తిరిగొచ్చి లింకుల్ని తెంచుతుంది. ఉతకడానికి, ఇస్త్రీకి పనికిరాని బట్ట ఎవరు కొంటారు?

ఇదే కాలంలో ఆయన బృందం లాక్టిక్ ఆమ్లం వైపు కూడా వెళ్ళింది. పెరుగు పులిసినప్పుడు వచ్చే ఆ ఆమ్లమే. రెండు లాక్టిక్ ఆమ్లం అణువులు కలిసి లాక్టైడ్ అనే వలయంగా మారతాయి. వేడి చేస్తే ఆ వలయం విచ్చుకుని గొలుసు అవుతుంది, ఆ గొలుసు మళ్ళీ వలయంగా కూడా మారగలదు. మొదట్లో చెప్పిన 1932 పత్రం ఇదే. వచ్చిన గొలుసులు పొట్టివి, దారానికి పనికొచ్చేవి కాదు. కాబట్టి అదీ పక్కకి పోయింది.

ఈలోపు కంపెనీలో గాలి మారింది. స్టైన్ స్థానంలో ఎల్మర్ బోల్టన్ వచ్చారు. ఆర్థిక మాంద్యం రోజులు. బోల్టన్‌కి మార్కెట్లో అమ్ముడయ్యే వస్తువు కావాలి. అమెరికా ఆడవాళ్ళు వేసుకునే మేజోళ్ళకి పట్టు జపాన్ నుంచి వచ్చేది. దానికి ప్రత్యామ్నాయం దొరికితే కనకవర్షమే. దారాల పని మళ్ళీ మొదలుపెట్టమని ఆయన కారోథర్స్‌ని ఒత్తిడి చేశారు.

1934లో కారోథర్స్ ఎస్టర్లని వదిలేసి అమైడ్ల వైపు తిరిగారు. అమైడ్ బంధం నీటికి అంత తేలిగ్గా లొంగదు. పైగా పక్క పక్క గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి కరిగే ఉష్ణోగ్రత బాగా పెరుగుతుంది. రకరకాల పాలీఅమైడ్లు చేసి చూశారు. 1935 ఫిబ్రవరి 28న ఆయన బృందంలోని జెరార్డ్ బెర్షె చేతిలో 6,6 తయారైంది. సుమారు 260 డిగ్రీల దాకా కరగదు.

ఇక్కడ ఒక చిన్న మలుపు ఉంది, నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం. కారోథర్స్ మొగ్గు 6,6 వైపు కాదు, 5,10 వైపు. దాంట్లో వాడే సెబాసిక్ ఆమ్లం ఆముదం నూనె నుంచి వస్తుంది. అవును, మన ఆముదమే. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో పండే ఆముదం. బోల్టన్ మాత్రం 6,6నే ఎంచుకున్నారు, ఎందుకంటే దానికి కావలసిన రెండు ముడిసరుకులూ బెంజీన్ నుంచి చవగ్గా, ఎంత కావాలంటే అంత తయారుచేయొచ్చు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటాం. అక్కడ బెంజీన్ అనే పెద్ద చెట్టు ఉండటంతో ఆముదం ఓడిపోయింది. ఆ రోజు నిర్ణయం ఇంజనీరింగ్ లెక్కన తప్పేమీ కాదు. ధర, సరఫరా, కరిగే ఉష్ణోగ్రత, ఉతుకు అన్నీ చూశారు. బట్ట చిరిగాక ఎక్కడికి పోతుంది అనే గడి మాత్రం ఆ కాగితం మీద లేదు.

చివరి రెండేళ్ళు

దారం గెలుస్తున్న కొద్దీ మనిషి కుంగిపోయారు. 1936 ఫిబ్రవరిలో కంపెనీ పేటెంట్ విభాగంలో పనిచేసే హెలెన్ స్వీట్‌మన్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఏప్రిల్‌లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కి ఎన్నికయ్యారు. పరిశ్రమలో పనిచేసే ఆర్గానిక్ కెమిస్టుకి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. రెండు నెలలు తిరక్కుండానే మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. తనలో కొత్త ఆలోచనలు అయిపోయాయనీ, తను సాధించింది ఏమీ లేదనీ ఆయన నమ్మడం మొదలుపెట్టారు. 1937 జనవరిలో ఆయనకి ఎంతో దగ్గరైన చెల్లెలు ఇసొబెల్ చనిపోయింది. ఆమె రేడియోలో పేరున్న కళాకారిణి. ఆ దెబ్బ నుంచి ఆయన కోలుకోలేదు.

1937 ఏప్రిల్ 9న కొత్త దారం మీద ఆయన పేరుతో కంపెనీ పేటెంట్ దరఖాస్తు పెట్టింది. సరిగ్గా ఇరవై రోజులకి, 41వ పుట్టినరోజు దాటిన రెండో రోజున, కారోథర్స్ ఫిలడెల్ఫియాలో తన ప్రాణం తానే తీసుకున్నారు. అప్పటికి హెలెన్ గర్భవతి. కూతురు జేన్ ఆ నవంబర్‌లో పుట్టింది.

ఆ దారానికి నైలాన్ అనే పేరు పెట్టింది 1938లో. అంటే తను చేసిన దారం పేరు ఏంటో ఆయన ఎప్పుడూ వినలేదు. 1940 మే 15న అమెరికా అంతటా నైలాన్ మేజోళ్ళు అమ్మకానికి పెడితే జనం క్యూలు కట్టారు. ఆయన గ్రూపులో 1934లో చేరిన పాల్ ఫ్లోరీకి పాలిమర్ల మీద పనికే 1974లో నోబెల్ వచ్చింది. స్టాడింగర్‌కి 1953లోనే వచ్చింది. బతికున్నవాళ్ళకే నోబెల్ ఇస్తారు కాబట్టి కారోథర్స్ పేరు ఆ జాబితాలో లేదు.

సాధించిందేమీ లేదు అనుకున్న మనిషి ఎవరో ఒకసారి చూడండి. నియోప్రీన్, నైలాన్, మొదటి సింథటిక్ పాలిస్టర్ దారం, మన సిలబస్‌లో ఉన్న సమీకరణం. డిప్రెషన్ అనేది మన లెక్కల్ని మనకే తప్పుగా చూపించే జబ్బు. అది తెలివితక్కువతనం కాదు, బలహీనత కాదు. ఆ రోజుల్లో దానికి సరైన మందుల్లేవు. ఇప్పుడున్నాయి. హాస్టల్లో మన పక్క రూమ్‌లో కూడా ఇలాంటి చీకటి మోస్తున్నవాళ్ళు ఉండొచ్చు, అది మనమే కూడా కావచ్చు. టెలి మానస్ నంబర్ 14416, ఏ టైమ్‌లో అయినా ఉచితంగా చేయొచ్చు. ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి.

పక్కన పెట్టిన దారం తిరిగొచ్చింది

కారోథర్స్ పోయాక కథ రెండు దారుల్లో నడిచింది.

ఒక దారిలో, 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు ఆయన పాలిస్టర్ పనినే ముందుకి తీసుకెళ్ళారు. మెత్తటి గొలుసులో టెరిఫ్తాలిక్ ఆమ్లం పెట్టారు. అంటే బిరుసైన బెంజీన్ వలయాన్ని గొలుసులో ఇరికించారు. దాంతో కరిగే ఉష్ణోగ్రత సుమారు 260 డిగ్రీలకి లేచింది, నీటి బెడద పోయింది. అదే పెట్. వాటర్ బాటిల్ అదే, మన స్పోర్ట్స్ జెర్సీ అదే, సిరిసిల్ల మరమగ్గాల మీద పెద్ద ఎత్తున నేసే బట్టా అదే. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే మొత్తం నూలులో సగానికి పైగా పాలిస్టరే. ఉతికిన ప్రతిసారీ దాన్నుంచి కంటికి కనపడని పోగులు రాలి నీళ్ళతో పాటు కాలువల్లోకి పోతాయి. అక్కడ అవి కుళ్ళవు. నీటికి లొంగకుండా చేసిన ఆ గుణమే ఇప్పుడు మన నెత్తికి చుట్టుకుంది.

రెండో దారి ఆసుపత్రిలో మొదలైంది. నీటితో మెల్లగా విడిపోయే దారం ఎవరికి కావాలి? సర్జన్‌కి. లోపల వేసిన కుట్టు కొన్ని వారాలు పట్టి ఉండి, తర్వాత దానంతటదే కరిగిపోతే విప్పాల్సిన పని ఉండదు. గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లాల పాలిస్టర్లతో 1970ల నుంచి అలాంటి కుట్టు దారాలు వాడుకలోకి వచ్చాయి. చొక్కాకి లోపమైన గుణం ఒంట్లో వరమైంది.

తర్వాత మొక్కజొన్న. దాని పిండిని చక్కెరగా మార్చి, బ్యాక్టీరియాతో పులియబెట్టి, వచ్చిన లాక్టిక్ ఆమ్లాన్ని లాక్టైడ్‌గా, దాన్ని పీఎల్ఏగా మార్చే పెద్ద ఫ్యాక్టరీ 2000ల మొదట్లో నెబ్రాస్కాలోని బ్లెయిర్ అనే ఊళ్ళో మొదలైంది. ఆ ఊరు అయోవా సరిహద్దులోనే ఉంటుంది, నది దాటితే కారోథర్స్ పుట్టిన రాష్ట్రం. ఆయన చుట్టూ పెరిగిన పంట నుంచే, ఆయన పక్కన పెట్టిన రసాయనంతోనే ఇవాళ దారం తీస్తున్నారు. ఆయన దగ్గర పొట్టిగా ఆగిపోయిన గొలుసుని ఇప్పుడు మంచి ఉత్ప్రేరకాలతో కావలసినంత పొడవు చేయగలుగుతున్నారు.

మరి సమస్య తీరినట్టేనా? లేదు. కారోథర్స్ ఎదుర్కొన్న చిక్కే కొంచెం పలచబడి మళ్ళీ ఎదురైంది. పీఎల్ఏ దాదాపు 150 నుంచి 180 డిగ్రీల మధ్య కరుగుతుంది. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. ఇస్త్రీ జాగ్రత్తగా చేయాలి. మామూలు పాలిస్టర్‌కి 130 డిగ్రీల ప్రెషర్ నీళ్ళలో రంగు వేస్తారు. పీఎల్ఏని అలా ఉడకబెడితే దారం బలం పోతుంది. అందుకే సుమారు 110 దగ్గర, తక్కువ సేపు, క్షారం తగలకుండా వేయాలి. రంగుల మిల్లు నడిపేవాళ్ళకి ఇది చిన్న మార్పు కాదు.

ఇంకో వైపు, మట్టిలో వేస్తే మర్నాటికి మాయమవుతుందనుకుంటే అదీ కాదు. పీఎల్ఏ చురుగ్గా విడిపోవాలంటే 58, 60 డిగ్రీల వేడి, తేమ ఉండే ఇండస్ట్రియల్ కంపోస్ట్ కావాలి. మామూలు మట్టిలో, సముద్రంలో ఏళ్ళ తరబడి అలాగే పడి ఉండగలదు. 1926లో ఫ్రాన్స్‌లో మోరిస్ లెమాయిన్ బ్యాక్టీరియాలో కనిపెట్టిన పీహెచ్‌బీ, దాని కుటుంబంలోని పీహెచ్‌ఏలు మట్టిలో, సముద్రంలో కూడా సూక్ష్మజీవులకి ఆహారమవుతాయి. కానీ పెళుసు, దారం తీయడం కష్టం, ధర ఎక్కువ.

బయో అనే మాట కూడా మనల్ని తికమక పెడుతుంది. మొక్క నుంచి వచ్చిందంతా మట్టిలో కలవదు. ఆముదం నుంచి తయారయ్యే నైలాన్ 11 ఉంది, అది పెట్రోలియం నైలాన్ లాగే మొండిది. చెరకు నుంచి కొంత ముడిసరుకు తీసి పెట్ చేస్తారు, అదీ అంతే. మరోవైపు పీబీఏటీ అనే పాలిస్టర్ పెట్రోలియం నుంచి వచ్చినా కంపోస్ట్‌లో విడిపోతుంది. సూక్ష్మజీవి మొక్కా పెట్రోలా అని అడగదు, తన ఎంజైమ్‌కి ఆ బంధం అందుతుందా లేదా అన్నదే దానికి లెక్క.

ఈ జీవితం చదివాక నాకు అర్థమైంది ఒకటే. మట్టిలో కలిసే బట్ట అంటే ఒకే దారానికి రెండు వ్యతిరేకమైన పనులు అప్పగించడం. వాషింగ్ మెషీన్‌లో నీటికి లొంగకూడదు, చెత్తలో పడ్డాక లొంగాలి. కారోథర్స్ కాలంలో మొదటి సగమే అడిగారు, అందుకే ఎస్టర్ ఓడి అమైడ్ గెలిచింది. ఇప్పుడు రెండో సగం కూడా అడుగుతున్నాం. దీనికి జవాబు కొత్త పదార్థంలోనే దొరకాలని లేదు. ఆయన నోట్‌బుక్కుల్లో ఓడిపోయిన జాబితాలాగే ఎక్కడో పాత పత్రాల్లో కూడా ఉండొచ్చు. ఎస్టర్ గొలుసులో ఎన్ని కార్బన్లు ఉండాలి, వలయం ఉండాలా వద్దా, ఎంత వరకు సాగదీయాలి అన్నవి ఇవాళ్టికీ తెరిచి ఉన్న ప్రశ్నలే.

మనం ల్యాబ్ వాళ్ళం కాకపోయినా కొనేవాళ్ళం అవుతాం. రేపు ఏ కంపెనీ అయినా బయోడిగ్రేడబుల్ టీ షర్ట్ అని ట్యాగ్ పెట్టి అమ్మితే మూడు ప్రశ్నలు అడగండి. ఎంత వేడిలో విడిపోతుంది? ఎన్నాళ్ళకి? ఆ బట్టలో మిగతావి, అంటే కలిపిన పాలిస్టర్ పోగు, కుట్టిన దారం, గుండీలు, రంగు ఇవన్నీ కూడా విడిపోతాయా? సగం పీఎల్ఏ, సగం పెట్ కలిపి నేస్తే మొదటి సగం పోయాక రెండో సగం మట్టిలోనే మిగులుతుంది. ఈ మూడింటికీ జవాబు ట్యాగ్ మీద లేకపోతే, ఆ షర్ట్ ధరలో ఎక్కువైన డబ్బు దేనికో వాళ్ళనే అడగండి.